దీర్ఘకాలిక ఆరోగ్యం

సర్వభద్ర ఆరోగ్య బీమా సంస్థ వారి రాజమండ్రి మండల కార్యాలయంలో గోడ నిండా ఒక పటం ఉంది. ఏ ఊరి నుంచి ఎన్ని క్లెయిములు వచ్చాయో దాని మీద రంగుల్లో చూపిస్తారు. కొద్దిగా వస్తే పసుపు, ఓ మాదిరిగా వస్తే నారింజ, దండిగా వస్తే ఎరుపు. మండలాధికారి వేమూరి శేషశయనం గారికి ఆ పటమంటే ప్రాణం. పొద్దున్నే రాగానే కుర్చీలో కూర్చోకముందే దాని ముందు నిలబడి, ఎర్రబడ్డ ఊళ్ళ వంక ఆప్యాయంగా చూసుకునేవారు.

ఆ పటంలో గోదావరి పాయల మధ్య ఒక్క చుక్క మాత్రం తెల్లగా ఉంది. మూడేళ్ళుగా తెల్లగానే ఉంది. దాని పేరు గవ్వలలంక. అక్కడ నాలుగు వందల పన్నెండు కుటుంబాలు. అందరూ కొబ్బరి పీచు తీసి తాళ్ళు పేనే సహకార సంఘం సభ్యులు. అందరి దగ్గరా సర్వభద్ర వారి కార్డులున్నాయి. ఒక్కరంటే ఒక్కరు క్లెయిము పెట్టిన పాపాన పోలేదు.

"క్లెయిములు రాకపోతే మనకి మంచిదే కదండీ?" అని అడిగాడు క్షేత్ర పరిశీలనాధికారి తటవర్తి నీలాచలం. అడిగి, పై పంచె అడ్డం పెట్టుకుని నాలుగుసార్లు దగ్గాడు.

శేషశయనం గారు జాలిగా చూశారు. "నీలాచలం గారూ! బీమా అనగా భయము యొక్క సక్రమ నిర్వహణ. ఊరు ఎర్రబడిన యెడల వచ్చే సంవత్సరము ప్రీమియము పెంచవచ్చును. తెల్లగా ఉన్న ఊరికి ఏమి చెప్పి పెంచెదము? పైపెచ్చు, ఇది చూడండి."

ఆయన ఇచ్చింది గవ్వలలంక సంఘం వాళ్ళు రాసిన ఉత్తరం. "మాకు మామూలు జబ్బులన్నీ మా డాక్టరమ్మగారే చూసుకుంటున్నారు కనుక, వచ్చే ఏడు నుంచి మీ పెద్ద పాలసీ మాకు అక్కర్లేదు. ఆపరేషన్లకీ, ప్రమాదాలకీ పనికొచ్చే చిన్న పాలసీ ఏదైనా ఉంటే సెలవివ్వండి" అని ఉంది. కింద సంఘం అధ్యక్షుడు కుడుపూడి త్రిమూర్తులు సంతకం.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్నారు శేషశయనం గారు. "ఎవరో రిటైరైన వైద్యురాలట. ఇంటికింత అని పుచ్చుకొని, ఎవరు ఎప్పుడు వచ్చిననూ చూచునట. క్లెయిము లేదు, ఫారము లేదు, అనుమతి లేదు. లైసెన్సు లేకుండా ఆరోగ్యమును పంపిణీ చేయుచున్నది. మీరు వెళ్ళి విచారించి, ఇది హానికరమని నివేదిక ఇవ్వవలెను. దానిని పైవారికి పంపి ఆ వైద్యశాలను మూయించెదము. పిదప వారే మన వద్దకు వచ్చెదరు."

నీలాచలం సరేనని మళ్ళీ దగ్గాడు.

అతనికి ఆ దగ్గు పట్టుకుని ఏడు నెలలైంది. పొడి దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు. మాట మొదలుపెడితే దగ్గు, నడుం వాలిస్తే దగ్గు, గుళ్ళో తీర్థం పుచ్చుకుంటే దగ్గు. భార్య కామేశ్వరి మొదట మిరియాల కషాయం పెట్టింది. తరవాత మొక్కులు మొక్కింది. ఇప్పుడు ఏమీ అనకుండా తన పక్క పక్కగదిలో వేసుకుంటోంది. ఆ ఏమీ అనకపోవడమే అతన్ని ఎక్కువ భయపెట్టింది. అతని తండ్రి కూడా దగ్గుతూనే పోయాడు. ఆ సంగతి అతను పైకి అనలేదు గాని, దగ్గు తెర వచ్చినప్పుడల్లా తండ్రి మొహమే గుర్తుకొచ్చేది.

కార్డు ఉంది కదా అని పెద్దాసుపత్రికి వెళ్ళాడు. ఊపిరితిత్తుల నిపుణుడు ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయని గొంతు నిపుణుడి దగ్గరికి పంపాడు. ఆయన గొంతు భేషుగ్గా ఉందని పొట్ట నిపుణుడి దగ్గరికి పంపాడు. పొట్టాయన కూడా భేష్ అన్నాడు. భాగాలన్నీ బాగున్న మనిషి మాత్రం దగ్గుతూనే ఉన్నాడు. చివరికి, ఆసుపత్రిలో చేర్చుకుని లోపలికి గొట్టం దింపి చూడాలన్నారు. దానికి సంస్థ ముందస్తు అనుమతి కావాలి. జబ్బేమిటో రాస్తేగాని అనుమతి ఇవ్వరు. అనుమతి ఇస్తేగాని జబ్బేమిటో తెలీదు.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. మండలంలో దరఖాస్తులు పరిశీలించే ఉద్యోగం నీలాచలానిదే. అతని దరఖాస్తు తిరిగి తిరిగి అతని బల్ల మీదికే వచ్చింది. ఇంకొకడైతే కళ్ళు మూసుకుని సంతకం గీకేసేవాడు. నీలాచలం అటువంటివాడు కాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క గడి ఖాళీగా ఉన్న కాగితం మీద అతను సంతకం పెట్టి ఎరగడు. తన దరఖాస్తులో పద్నాలుగో గడి ఖాళీగా ఉందని పట్టేశాడు. "తమరి దరఖాస్తు అసంపూర్ణముగా నున్నది" అని తనకే రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాసుకున్నాడు. మూడోనాడు పోస్టుమాన్ తెస్తే సంతకం చేసి పుచ్చుకున్నాడు. చదువుకుని చాలా బాధపడ్డాడు. ఆ గడి పూర్తి చేసి మళ్ళీ పెడితే, ఇప్పుడది ప్రధాన కార్యాలయంలో ఎక్కడో నానుతోంది.

మర్నాడు నీలాచలం అరవై నాలుగు ప్రశ్నల ఫారం సంచిలో పెట్టుకుని, పడవల మీద బల్లలు పరిచిన పంటు ఎక్కి గవ్వలలంకలో దిగాడు. రేవులోనే త్రిమూర్తులు ఎదురొచ్చాడు. భారీ మనిషి, బనీను నిండా పీచు ధూళి.

"ఆయ్, రండి రండి. బొండం కొట్టించమంటారా?"

"విచారణ సమయంలో ఆతిథ్యం స్వీకరించకూడదండి" అని నీలాచలం ఫారం తీశాడు. "ప్రశ్న ఒకటి. గత మూడేళ్ళలో ఈ ఊళ్ళో జబ్బు పడినవారెవరూ లేరా?"

"ఎందుకు పడరండీ, మనుసులం కదా! పడతారు. డాక్టరమ్మగారు లెగదీత్తారు."

"మరి క్లెయిము ఎందుకు పెట్టలేదు?"

"లేచిపోయాక ఏం పెడతామండీ?"

ఈ జవాబుకి ఫారంలో గడి లేదు. నీలాచలం వేరే కాగితం మీద రాసుకున్నాడు. ఇద్దరూ కొబ్బరి తోటల మధ్యనుంచి నడుస్తుంటే త్రిమూర్తులు అసలు సంగతి చెప్పుకొచ్చాడు.

డాక్టర్ సువార్త గారు ఆ లంకకి ఎదురు ఒడ్డునున్న సర్కారు ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. వెళ్ళిపోతానంటే ఊరు ఊరంతా వెళ్ళి బతిమాలింది. అయితే నాకు మేర ఇస్తారా అని ఆవిడ అడిగారట.

"మేర అంటే తవఁకి తెలీదని కాదనుకోండి. మా నూకరాజున్నాడు, చవరం సేత్తాడు. గెడ్డం గీసినప్పుడల్లా డబ్బులు లెక్కెడతామాండీ? పంటకిన్ని గింజలని ఇచ్చేత్తాం. గెడ్డం ఎప్పుడు పెరిగితే అప్పుడు కూకుంటాం. గెడ్డానికి ముందస్తు పర్మిషనేటండీ! డాక్టరమ్మగారికీ అంతే. ఇంటికింత, నెల నెలా. ఆ పైన చీటీ లేదు, ఫీజు లేదు."

"నూకరాజు, అంటే ఆ క్షురకుడు, అతను కూడా డాక్టరుకి డబ్బిస్తాడా?"

"ఆయ్, అదెక్కడి మాటండీ! వాడు డాక్టరమ్మగారి తండ్రికి గెడ్డం గీత్తాడు. బట్టలుతికే మంగాయమ్మ ఆరి బట్టలుతుకుద్ది. పనోళ్ళకీ పనోళ్ళకీ మజ్జిన గింజలుండవండీ. పనికి పనే మేర. తాతల కాణ్ణించీ అంతే."

నీలాచలం ఇది కూడా రాసుకున్నాడు. రాసుకుంటూ దగ్గితే, పక్కన తాళ్ళు పేనుతున్న ఆడవాళ్ళు చేతులాపి అతని వంక చూశారు.

వైద్యశాల అంటే పాత పీచు షెడ్డు. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ బీరువాలో మందులు. సువార్త గారికి అరవై రెండేళ్ళుంటాయి. పొట్టిగా, తెల్ల చీరలో ఉన్నారు. ఎదురుగా వరాలమ్మ అనే పెద్దావిడ కూర్చుని తన మోకాళ్ళ సంగతి మొదలుపెట్టి, కోడలి మీదుగా, కోడలి పుట్టింటివాళ్ళ గేదె మీదుగా ఎక్కడికో వెళ్ళిపోయింది. డాక్టరు వింటూనే ఉన్నారు. నీలాచలం గడియారం చూసుకున్నాడు. పదహారు నిమిషాలు! ఇంతసేపూ ఒక్క కాగితమైనా అటూ ఇటూ మారలేదు. ఇరవై రెండో నిమిషంలో, వరాలమ్మ మోకాళ్ళు నొప్పెట్టేది గేదె పాలు తీసేటప్పుడు గొంతుక్కూర్చోవడం వల్లనని తేలింది. డాక్టరు ఆవిడకి మందు బిళ్ళలు ఇవ్వలేదు. ఎత్తుపీట చేయించుకోమని వడ్రంగికి కబురంపారు.

"దీనికి బిల్లు?" అన్నాడు నీలాచలం.

"పీటకా?" అన్నారు సువార్త గారు.

అతను కుర్చీలో కూర్చుని, గొంతు పెగుల్చుకుని, గంభీరంగా మొదలుపెట్టాడు. "నాలుగో ప్రశ్న. మీ వద్దకు వచ్చు రోగుల సంఖ్య తగ్గుటకు..." ఖళ్ళు ఖళ్ళుమని దగ్గు. "తగ్గుటకు గల..." మళ్ళీ దగ్గు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. డాక్టరు మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపారు.

"తగ్గడానికి కారణం చెప్తాను. వాళ్ళకి జబ్బు చేస్తే నాకు పని ఎక్కువ. చెయ్యకపోతే కూర్చుని చదువుకోవచ్చు. అందుకని వాళ్ళకి జబ్బు చెయ్యకుండా చూసుకుంటాను. పొద్దున్నే పీచు కొట్టేచోటికి వెళ్ళి, ముక్కుకి గుడ్డ కట్టుకోనివాళ్ళని తిడతాను. అంతకంటే గొప్ప విద్యేం లేదు. సరే, ఈ దగ్గు ఎన్నాళ్ళనుంచి?"

"విచారణాధికారిని నేనండి. ప్రశ్నలు నేను..."

"అడుగుదురుగాని. ఎన్నాళ్ళనుంచి?"

"ఏడు నెలలు."

"దానికి ముందు ఏం జరిగింది?"

ఇంతవరకూ ఎవరూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. నీలాచలం ఆలోచించాడు. దానికి ముందు ఏం జరగలేదు. మామూలుగా ఆఫీసుకి వెళ్ళాడు. సంస్థవారి ఆరోగ్య శిబిరంలో బీపీ చూసి, కాస్త ఎక్కువుందని బిళ్ళలు రాసిచ్చారు.

"ఏవీ ఆ బిళ్ళలు?"

సంచిలోంచి తీసి ఇచ్చాడు. డాక్టరు కళ్ళజోడు పైకి తోసి పేరు చదివారు. తరవాత అతని వీపు మీదా, గుండె మీదా గొట్టం పెట్టి నిదానంగా విన్నారు. గొంతు చూశారు. సంచిలో ఉన్న ఆరు ఎక్స్‌రేలూ కిటికీకి ఎత్తిపట్టి ఒక్కొక్కటే చూశారు. బీపీ చూశారు. వచ్చి కూర్చున్నారు.

"ఈ రకం బిళ్ళ మంచిదేగాని, పదిమందిలో ఒకరికి పడదు. పొడి దగ్గు పట్టుకుంటుంది. దీన్ని మానేసి ఇంకో రకం వేసుకోండి. రెండు మూడు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే అప్పుడు చూద్దాం. నేనే ఫోన్ చేస్తాను."

"అంటే... గొట్టం దింపక్కర్లేదా?"

"ఇప్పుడెందుకు?"

నీలాచలం గడియారం చూసుకున్నాడు. పద్నాలుగు నిమిషాలు. అతనికి ముందు కోపమొచ్చింది. ఏడు నెలలు, ముగ్గురు నిపుణులు, రెండంగుళాల మందం ఫైలు! కొండంత దగ్గుని తవ్వి ఎలకంత బిళ్ళని పట్టుకుని చూపిస్తుందా ఈవిడ? తన జబ్బుని ఎవరో ఘోరంగా అవమానించినట్టనిపించింది. ఆ కోపం కింద ఇంకేదో కదిలింది. తండ్రిలా పోనేమో అనుకున్నాడు. అనుకున్నాక, తిరుగు పంటు మీద ఒక్కడే ఒక చివర నిలబడి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు. అరవై నాలుగు ప్రశ్నల్లో అరవై మిగిలిపోయాయని ఒడ్డు దిగాకగాని గుర్తు రాలేదు.

జరిగినదంతా విని శేషశయనం గారు కుర్చీలో ముందుకు వంగారు.

"వారు ఆరోగ్యముగా ఉన్నారని ఎవరు చెప్పిరి?"

"వాళ్ళే చెప్పారండి. చూస్తే తెలుస్తూనే..."

"ఆరోగ్యము స్వయంప్రకటితము కాజాలదు!" అని బల్ల గుద్దారు. "జబ్బునకు ధ్రువపత్రము అడిగెదము గదా? ఆరోగ్యమునకు ఎందుకు అడుగరాదు? పాలసీ వద్దనుటకు వారికి హక్కు గలదు. కాని ధ్రువీకరించబడని ఆరోగ్యముతో పాలసీ నుండి నిష్క్రమించుటకు వీలు లేదు. ముందు నలభైమందిని నమూనాగా తీసికొనుడు. ఇరువది నాలుగు గంటలు ఆసుపత్రిలో చేర్చుడు. ఏ జబ్బూ లేదని తేలినచో వారి ఉత్తరమును సానుభూతితో పరిశీలించెదము."

ఆ వారంలోనే "ఆరోగ్యముగా ఉండుటకు దరఖాస్తు" అని కొత్త ఫారం అచ్చయింది. మూడు ప్రతులు. గవ్వలలంకలో త్రిమూర్తులు దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "ఒక్కరోజే కదా, బండీ భోజనం ఆళ్ళే ఎడతారంట, పోయొద్దాం" అన్నాడు. నలభైమందీ పెళ్ళికి వెళ్ళినట్టు తలంటు పోసుకుని, పంటు దాటి బస్సెక్కారు. వరాలమ్మ తన కొత్త ఎత్తుపీట కూడా వెంట తెచ్చుకుంది.

పట్నంలో ఆసుపత్రి ఏడంతస్తులు. పర్యవేక్షణకి నీలాచలం ఉన్నాడు. మొదటి చిక్కు గేటు దగ్గరే వచ్చింది. జబ్బు పేరు లేనిదే కంప్యూటరు ఎవర్నీ చేర్చుకోదు. జబ్బు లేదని తేల్చుకోడానికే వచ్చారని నీలాచలం చెప్తే, అక్కడి అమ్మాయి పై అధికారిని పిలిచింది. ఆయన ఇంకో పై అధికారిని పిలిచాడు. గంటన్నర చర్చించి, జబ్బు గడిలో "ఆరోగ్యము" అని రాయడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకోగానే కంప్యూటరు ఇంకో ప్రశ్న వేసింది: తాత్కాలికమా, దీర్ఘకాలికమా?

"మూడేళ్ళుగా ఉందండి" అన్నాడు నీలాచలం నిజాయితీగా.

"అయితే దీర్ఘకాలికం." నలభైమంది మంచాలకీ "దీర్ఘకాలిక ఆరోగ్యము" అని అట్టలు తగిలించారు.

ఆసుపత్రి ఆర్థిక విభాగం ఊరుకోలేదు. ఈ ఆరోగ్యం పాలసీ తీసుకున్నాక వచ్చిందా, ముందునుంచే ఉందా అని అడిగింది. ముందునుంచే ఉన్న పరిస్థితులకి రెండేళ్ళ నిరీక్షణ ఉంటుందట. వరాలమ్మని ప్రశ్నిస్తే, "మా అమ్మా అంతేనండీ, తొంబయ్యేళ్ళు రాయిలాగుంది" అంది. వంశపారంపర్యం అని రాసుకున్నారు.

ఇరవై నాలుగు గంటలూ గడిచాయి. రక్తాలు, ఎక్స్‌రేలు, గుండె గీతలు అన్నీ తీశారు. ఎవరికీ ఏమీ లేదు. త్రిమూర్తులు కండువా దులుపుకుని, "ఇంకెల్దావాండీ?" అన్నాడు.

వెళ్ళడానికి వీల్లేదు. డిశ్చార్జి కాగితంలో "చేరినప్పటికీ ఇప్పటికీ స్థితిలో మెరుగుదల" అనే గడి ఉంది. చేరినప్పుడు ఎలా ఉన్నారో ఇప్పుడూ అలాగే ఉన్నారు. మెరుగుదల శూన్యం. మెరుగుపడని రోగిని ఇంటికి పంపితే రేపు ఏమైనా అయితే ఎవరిది బాధ్యత? మరో రెండు రోజులు ఉంచుకున్నారు.

గోదావరి గాలికి పడుకునే మనుషుల్ని ఏసీ గదుల్లో పెట్టారు. రెండో రోజుకి పదకొండుమందికి జలుబు చేసింది. ఆసుపత్రి సాంబారుకి నలుగురికి విరేచనాలు పట్టుకున్నాయి. త్రిమూర్తులు పాలరాతి నేల మీద జారిపడి మడమ బెణికించుకున్నాడు. ఆసుపత్రివారు గడి నింపారు: "రోగుల స్థితిలో చెప్పుకోదగిన మార్పు కనిపించుచున్నది."

వార్త తెలిసి శేషశయనం గారు మిఠాయిలు పంచారు. నిచ్చెన వేయించుకుని, స్వహస్తాలతో గవ్వలలంక మీద పసుపు రంగు వేశారు.

మూడో రోజు మధ్యాహ్నం నీలాచలం వార్డులో కూర్చుని ఫారాలు సరిచూస్తున్నాడు. చుట్టూ పదకొండుమంది తుమ్ముతున్నారు, ముక్కులు చీదుతున్నారు. దుప్పటి కప్పుకుని ఎత్తుపీట మీద కూర్చున్న వరాలమ్మ అతన్నే చూస్తోంది.

"ఏవండీ ఆఫీసరుగారూ, ఓ మాట."

"చెప్పండమ్మా."

"పొద్దుగాల్నుంచీ సూత్తన్నానండీ. తవఁరు ఒక్కసారన్నా దగ్గలేదు."

నీలాచలం చేతిలో పెన్ను ఆగిపోయింది. పొద్దున్నుంచే కాదు. నిన్న కూడా దగ్గిన జ్ఞాపకం లేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. బిళ్ళ మార్చి ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు. భయం భయంగా గట్టిగా ఊపిరి పీల్చాడు. ఏమీ రాలేదు. ఇంకోసారి పీల్చాడు. జేబులో ఫోన్ మోగింది.

"నేను సువార్తని. దగ్గు ఎలా ఉంది?"

"లేదండీ" అన్నాడతను.

"మంచిది. బీపీ ఓసారి చూపించుకోండి. మావాళ్ళనెప్పుడు పంపిస్తారు?"

ఆ సాయంత్రమే నీలాచలం తన పూచీ మీద నలభైమందినీ బస్సెక్కించాడు. తుమ్ముతూ కుంటుతూ పంటు దిగి, ఒక్కరూ ఇంటికి పోకుండా అందరూ తిన్నగా పీచు షెడ్డుకే నడిచారు. అతను ఇల్లు చేరి అన్నం తిని, హాల్లో నిశ్శబ్దంగా పేపరు చదువుకుంటుంటే కామేశ్వరి కంగారుగా పరిగెత్తుకొచ్చింది. "ఏమండీ, చప్పుడు లేదేమిటి? బాగానే ఉన్నారా?" అంది. బాగానే ఉన్నానన్నాడు. ఆవిడ అతని మొహంలోకి చూసి, వెళ్ళి తన పక్క తిరిగి తెచ్చి పాత చోట వేసింది.

మర్నాడు శేషశయనం గారు నివేదిక సిద్ధంగా ఉంచారు. ఆయనే రాసేశారు. "సదరు వైద్యురాలి విధానము ప్రజారోగ్యమునకు మిక్కిలి హానికరము. వైద్యశాలను తక్షణము మూసివేయుట శ్రేయస్కరము." కింద నీలాచలం సంతకానికి చోటుంది.

"ఇక్కడ చేయండి. ప్రమోషను జాబితాకు మీ పేరు నేనే పంపితిని."

నీలాచలం పెన్ను మూత తీశాడు. అలవాటు కొద్దీ పైనుంచి కిందికి గడులన్నీ చూసుకుంటూ వచ్చాడు. ఏడో గడి దగ్గర ఆగాడు.

"ఇది ఖాళీగా ఉందండి. 'హాని పొందినవారి పేరు.'"

"ఎవరిదో ఒకరిది వేయండి."

"ఎవరిదండి? లంకలో విచారించాను. హాని పొందినవాళ్ళు లేరు. ఆసుపత్రిలో పదహారుమంది ఉన్నారుగాని, వాళ్ళు మన ఖాతాలో వాళ్ళండి."

"ఒక్క గడి! ఒక్క గడి ఖాళీగా ఉన్నంత మాత్రమున..."

"నా సొంత దరఖాస్తే ఒక్క గడికోసం తిప్పి పంపానండి. దీనిమీద ఎలా పెడతాను?" ఇంత మాట్లాడినా దగ్గు రాలేదు. "పోనీ, మేలు పొందినవారి పేరు అని ఒక గడి వేయించండి. సంతోషంగా నింపుతాను. తటవర్తి నీలాచలం, తండ్రి పేరు కీర్తిశేషులు రామజోగయ్య, మేలు జరగడానికి పట్టిన సమయం పద్నాలుగు నిమిషాలు."

శేషశయనం గారు తిట్టారు, బుజ్జగించారు, సస్పెండు చేస్తానన్నారు. నీలాచలం అన్నిటికీ నిలబడే ఉన్నాడుగాని పెన్ను మాత్రం కాగితానికి ఆనించలేదు. సంతకం లేని నివేదిక బల్ల మీద పడి ఉంది. నెలాఖరు వచ్చేసింది. ప్రధాన కార్యాలయం నుంచి ఒకటే ఫోన్లు: గవ్వలలంక వారు పాలసీ ఎందుకు వదులుకొనుచున్నారు, కారణము కంప్యూటరులో ఎక్కించుడు.

కంప్యూటరులో కారణాలు మూడే ఉన్నాయి. జనాభా వలస పోవుట. సంఘము రద్దగుట. భూభాగము నదీకోతకు గురై అంతరించుట. ఆరోగ్యం అన్నది ఆ జాబితాలో లేదు. శేషశయనం గారు అరగంట సేపు తెర వంక చూశారు. తరవాత కళ్ళు గట్టిగా మూసుకుని మూడోది నొక్కారు.

అరగంటలో అంతా సర్దుకుంది. లంకే లేదు గనుక క్లెయిముల ప్రసక్తి లేదు. లంకే లేదు గనుక మూయించడానికి వైద్యశాలా లేదు. ఆయన మళ్ళీ నిచ్చెన వేయించుకుని, పసుపు చుక్క మీద గోదావరి నీలం పూసేశారు. పటంలో వంక పెట్టడానికిక చోటే లేదు. ప్రధాన కార్యాలయంవారు మృతుల కుటుంబాలకి ప్రగాఢ సానుభూతి తెలిపారు.

ఆ వారమే నీలాచలం దరఖాస్తుకి అనుమతి వచ్చింది. పదిహేను రోజుల్లోగా ఆసుపత్రిలో చేరి గొట్టం దింపించుకోవాలి. ఆమోదించబడిన జబ్బుని వాడుకోకపోవడం క్రమశిక్షణా రాహిత్యమని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అనుమతి పత్రం పరిశీలనకి యథావిధిగా అతని బల్ల మీదికే వచ్చింది. అతను శ్రద్ధగా చదివి, "రోగి దగ్గుట లేదు గనుక తిరస్కరించడమైనది" అని రాసి, తనకే రిజిస్టరు పోస్టులో పంపుకున్నాడు. మూడోనాడు సంతకం పెట్టి అందుకున్నాడు. ఈసారి బాధ కలగలేదు.

ఆదివారం పొద్దున్నే పంటెక్కి, అంతరించిపోయిన లంకలో దిగాడు. షెడ్డు అరుగు మీద త్రిమూర్తులు మడమకి పట్టీ కట్టుకుని కూర్చున్నాడు. సువార్త గారు బయటే ఉన్నారు.

"నన్నూ మా ఆవిణ్ణీ మీ మేరలో చేర్చుకోవాలండి" అన్నాడు నీలాచలం.

"డబ్బులు సంఘానికి కట్టండి."

"అది కాదండి." అతను నీళ్ళు నమిలాడు. "పనివాళ్ళ మధ్య గింజలుండవు, పనికి పనే మేర అన్నారు త్రిమూర్తులు గారు. నాకూ ఒక పని వచ్చండి. చిన్న అక్షరాలు చదవగలను."

సువార్త గారు త్రిమూర్తుల వంక చూశారు. ఆయన కుంటుకుంటూ లోపలికి వెళ్ళి ఓ కాగితాల కట్ట పట్టుకొచ్చాడు. ఆపరేషన్లకీ ప్రమాదాలకీ అని ఇంకో సంస్థవాళ్ళు పంపిన చిన్న పాలసీ. చిన్నదంటే నలభై మూడు పేజీలు.

"నెల్రోజుల్నుంచీ ఇలాగే ఉందండి బాబూ. ఎవరికీ తల తోకా తెలట్లేదు" అన్నాడు. "సంతకం ఎట్టమంటారా, వద్దంటారా?"

"చదవందే ఎలా చెప్తానండీ?" అని నీలాచలం పీచు మోపు మీద కూర్చున్నాడు. తాళ్ళు పేనే ఆడవాళ్ళు చుట్టూ చేరారు. వరాలమ్మ తన ఎత్తుపీట తెచ్చుకుంది. డాక్టరు లోపల రోగిని చూడ్డానికి వెళ్ళారు. అతను మొదటి నిబంధన నుంచి మొదలుపెట్టి, ఒక్కోటీ చదివి, మామూలు మాటల్లో చెప్పుకుంటూ పోయాడు. పదహారు నిబంధనలయ్యాయి. పేజీ తిప్పి, పదిహేడోది ముందు తనలో తాను చదువుకుని, మెలిక పట్టేసి, ఖళ్ళున గొంతు సవరించుకున్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. లోపల గదిలోంచి సువార్త గారి గొంతు గట్టిగా వినిపించింది.

"ఎవరది దగ్గింది?"

"దగ్గు కాదండీ!" అని అక్కణ్ణించే కేకేశాడు నీలాచలం. "పదిహేడో నిబంధనకి వచ్చాను!"